వైజాగ్ ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు అనేవాళ్ళకి

నమస్తే అండి అందరికీ. ఇవాళ ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ వాల్వ్ గురించి మాట్లాడుకుందాం. మన వైజాగ్‌లో బండి హీటెక్కుతోందని షెడ్డుకి తీసుకెళ్తే చాలా చోట్ల చెప్పేది ఒకటే మాట, "మనకేమైనా మంచు పడతాదా ఏటి సార్, ఆ వాల్వ్ తీసి పడేద్దాం, ఇంజన్ చల్లగా ఉంటాది". వినడానికి బానే ఉంది. కానీ ఇంజన్ చల్లగా ఉండకూడదండి, తంటా అంతా అక్కడే.

ఇదిగో నా చేతిలో ఉన్నది చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. మధ్యలో ఈ ఇత్తడి డబ్బీ ఉంది కదా, దీని లోపల ఉండేది మైనం. చుట్టూ స్ప్రింగు, పైన ఈ మూత. అంచు మీద 82 అని కొట్టి ఉంది చూశారా, అంటే కూలెంట్ (ఇంజన్ వేడిని లాగే ద్రవం) 82 డిగ్రీలకి రాగానే లోపల మైనం కరిగి ఉబ్బుతుంది, పిన్నుని తోస్తుంది, మూత తెరుచుకోవడం మొదలవుతుంది, ఓ 95 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అప్పటిదాకా కూలెంట్ ఇంజన్ లోపలే తిరుగుతూ ఉంటది, దాన్ని చల్లార్చే రేడియేటర్‌కి పోదు. వైర్ లేదు, కరెంట్ లేదు. కొత్త బండ్లు కొన్నిట్లో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, కంట్రోల్ చేసే రకం వస్తోంది గానీ వాటిలో కూడా పని చేసేది మైనమే.

ఇప్పుడు ఎండ సంగతి. బయట 38 ఉందనుకోండి, ఇంజన్‌కి కావాల్సింది 90 దగ్గర, ఆ లెక్కన మన మే నెల కూడా దానికి చల్లనే కదా. వాల్వ్ తీసేసి మధురవాడ దాటి ఆనందపురం వైపు హైవే ఎక్కారంటే, ఎదురుగాలికి టెంపరేచర్ పడిపోతుంది, ఇంజన్ ఇంకా వేడెక్కలేదు అనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజ్ పోయింది, ఆయిల్ సరిగ్గా వేడెక్కదు కాబట్టి అందులో చేరిన తేమ ఆవిరవ్వదు, కొన్నాళ్ళకి ఆయిల్ మూత కింద తెల్లగా మీగడలాగా కనిపిస్తుంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగితే స్కానర్‌లో పి 0128 అని వస్తుంది, ఇంజన్ అందుకోవాల్సిన వేడి అందుకోలేదు అని దానర్థం.

ఇంకో తమాషా ఉందండి. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వ్‌కి కింద ఇంకో రేకు ఉంటది, పైన రేడియేటర్ దారి తెరిచేటప్పుడు ఇది కింద బైపాస్ దారి మూస్తుంది. మొత్తం పీకేస్తే ఆ బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కూలెంట్‌లో కొంత రేడియేటర్ మొహమే చూడకుండా మళ్ళీ ఇంజన్‌లోకి పోతుంది. అంటే చల్లగా ఉంటదని తీయించుకున్నాయనకే ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. అరకు బయల్దేరే ముందు ఆలోచించుకోండి మరి.

సరే, వాల్వ్ పాడైందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్‌ని (పైనున్న రబ్బరు పైపుని) చేత్తో పట్టుకోండి. మొదట చల్లగానే ఉండాలి, కాసేపయ్యాక ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లమెల్లగా వేడెక్కుతోందంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. ముల్లు రెడ్ వైపు పోతున్నా హోస్ చల్లగానే ఉంటే మూసుకుని ఇరుక్కున్నట్టు అనుమానించాలి, వెంటనే ఇంజన్ ఆపండి, ఇదే డేంజర్, ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే జేబు ఖాళీ. చున్నీలు, చేతులు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజన్ ఆపినా తిరగొచ్చు. వేడి మీద రేడియేటర్ క్యాప్ మాత్రం తీయొద్దండి బాబూ, లోపల ప్రెషర్ ఉంటది, మొహం కాలిపోతుంది.

బయటికి తీసినదాన్ని టెస్ట్ చెయ్యడం ఇంకా ఈజీ. ఇదిగో పాత గిన్నెలో నీళ్ళు పెట్టాను, వాల్వ్‌ని దారం కట్టి వేలాడదీశాను, అడుగుకి తగలకూడదు, తగిలితే గిన్నె వేడికి తెరుచుకుంటుంది, లెక్క తప్పుతుంది. థర్మామీటర్ చూడండి... 79... 81... అదిగో, మూత పక్కన సన్నటి సందు కనిపిస్తోందా? ఇప్పుడు స్టవ్ ఆపేస్తున్నా, చల్లారుతుంటే మళ్ళీ పూర్తిగా మూసుకోవాలి. తెరుచుకుంది కదా అని అక్కడితో ఆపకండి, మూసుకోవడం కూడా చూడాలి.

అసలు ఇది ఎందుకు పాడవుతుందంటే వయసైపోయి కొంత, కానీ మన దగ్గర ఎక్కువగా బోరు నీళ్ళ వల్ల. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్ళు పోస్తారు, ఆ ఉప్పు, తుప్పు వచ్చి ఈ స్ప్రింగు మీద పేరుకుంటాయి. రెడీమిక్స్ కూలెంట్ పోయండి, లేదా కాన్సన్‌ట్రేట్‌లో డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలపండి.

కొత్తది వేసేటప్పుడు లీక్ కాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ కూడా కొత్తదే వెయ్యండి, గాలి పోయే చిన్న జిగిల్ పిన్ను ఉంటే అది పైకి రావాలి, వాల్వ్ కూర్చునే హౌసింగ్ ప్లాస్టిక్‌ది అయితే బోల్టులు గట్టిగా బిగించేయకండి, పగులుద్ది. కూలెంట్ పోశాక ఎయిర్ తీయాలి, బ్లీడ్ స్క్రూ ఉంటే అక్కడి నుంచి, లేకపోతే క్యాప్ తీసి ఉంచి చల్లని ఇంజన్‌నే స్టార్ట్ చేసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, బుడగలు ఆగేదాకా ఐడిల్‌లో ఉంచి మూసేయండి. మర్నాడు పొద్దున్న బండి తీసే ముందు లెవెల్ చూసి, తగ్గితే అదే రకం కూలెంట్ కలపండి.