నేల పైకప్పయిన కథ

అందరికీ నమస్కారం.

సైన్స్ ఫిక్షన్ సెట్ల మీద ప్రసంగం అనగానే అంతరిక్ష నౌకల బొమ్మలు చూపిస్తాననుకుని వచ్చినవాళ్ళుంటే ముందే క్షమించండి. ఇవాళ నేను మాట్లాడేది గోడల గురించి, నేల గురించి, కాస్త ఉప్పుడబ్బాల గురించి.

'స్టార్ ట్రెక్' మొదటి సీరియల్ అమెరికాలో 1966 నుంచి 1969 దాకా వచ్చింది. అందులో మనుషుల్ని ఇక్కడ మాయం చేసి వేరే గ్రహం మీద తేల్చే గది ఒకటి ఉంటుంది. దాని పేరు ట్రాన్స్‌పోర్టర్ రూమ్. మనిషి నిలబడే చోట నేలలో గుండ్రటి బిళ్ళలు అమర్చి, కింది నుంచి లైటు వేశారు. 1987లో దాని కొనసాగింపు సీరియల్ 'నెక్స్ట్ జనరేషన్' మొదలైంది. కథలో కాలం మారింది, నౌక మారింది, కెప్టెన్ మారాడు. ఈసారి ఆ గదిలో నేలను వదిలేసి తల పైకెత్తి చూడండి. పైకప్పులో మెరుస్తున్నవి ఆ పాత బిళ్ళలే. నేల కాస్తా పైకప్పయింది. ఈ సంగతి తెలిశాక నేను ఆ సీరియల్‌ని మామూలు ప్రేక్షకుడిలా చూడలేకపోయాను. ఎవరు మాట్లాడుతున్నా నా చూపు వాళ్ళ వెనక గోడ మీదికే పోతుంది.

వాడిన సెట్టునే మళ్ళీ వాడటం మనకేం కొత్త కాదు. సురభి నాటకాలు చూసినవాళ్ళకి దర్బారు తెర, అడవి తెర, వీధి తెర తెలుసు. ఇవాళ హరిశ్చంద్రుడు కూర్చున్న కొలువులోనే రేపు దుర్యోధనుడు కూర్చుంటాడు. ప్రేక్షకుడికీ ఆ సంగతి తెలుసు, పట్టించుకోడు. టీవీ సైన్స్ ఫిక్షన్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి వారం కొత్త లోకం అని నమ్మించాలి, అదీ పాత చెక్కతోనే.

ఒక వరండా కథ చెబుతాను. 1977లో పారమౌంట్ సంస్థ స్టార్ ట్రెక్‌ని మళ్ళీ టీవీలో నడపాలనుకుంది. ఆ ప్రయత్నం పేరు 'ఫేజ్ టూ'. జో జెన్నింగ్స్ ఆర్ట్ డైరెక్టర్‌గా హాలీవుడ్ స్టూడియోలో నౌక లోపలి వరండాలతో సహా సెట్లు లేచాయి. ఇంతలో సీరియల్ ఆలోచన మానేసి సినిమా తీద్దామన్నారు. లేచిన సెట్లను హెరాల్డ్ మైకెల్సన్ వెండితెరకు తగ్గట్టు మార్చాడు. ఆ సినిమా 1979 డిసెంబరులో వచ్చింది. అందులో ఇంజిన్ గది చాలా పొడవుగా కనిపిస్తుంది కదా, అంత పొడవు అక్కడ లేదు. వెనక్కి పోయేకొద్దీ సెట్టును చిన్నదిగా కట్టి, చివర్లో చిన్న ఆకారం ఉన్నవాళ్ళను నిలబెట్టారు.

ఆ సినిమాకి దాదాపు 4.4 కోట్ల డాలర్లు ఖర్చయింది. స్టూడియోకి గుండె గుభేలుమని ఉంటుంది. 1982లో వచ్చిన రెండో సినిమా 'రాత్ ఆఫ్ ఖాన్' పనిని స్టూడియోలోని టీవీ విభాగానికి అప్పజెప్పారు. ఖర్చు 1.2 కోట్ల డాలర్ల లోపే. అంత తక్కువలో ఎలా తీశారన్నదానికి జవాబు తెర మీదే ఉంది. మొదటి సినిమాలో క్లింగాన్ అనే శత్రు జాతి నౌకల షాట్లను ఇందులోనూ అతికించారు. మొదటి సినిమాలో భూమి పైన తిరిగే ఆఫీసు కేంద్రపు మోడల్‌ని తలకిందులుగా వేలాడదీసి, రెగ్యులా అనే పరిశోధన కేంద్రం అన్నారు. అన్నిటికంటే పెద్ద ఆదా బ్రిడ్జి మీద జరిగింది. బ్రిడ్జి అంటే కెప్టెన్ కూర్చుని నౌకను నడిపించే గది. కెప్టెన్ కిర్క్ నౌక ఎంటర్‌ప్రైజ్‌దీ, అతని మీద పగబట్టిన ఖాన్ దొంగిలించిన రిలయంట్‌దీ ఒకే బ్రిడ్జి. గుండ్రటి సెట్టును కోసిన పుచ్చకాయ బద్దల్లా విడివిడి ముక్కలుగా కడతారు. కెమెరాకు అడ్డమొచ్చిన ముక్కను లాగి పక్కన పెడతారు. బద్దల్ని ఇంకో వరసలో పేర్చి, లైటు మారిస్తే వేరే నౌక. సినిమా మొదట్లో వచ్చే శిక్షణ గదీ ఆ సెట్టే.

ఇప్పుడు కథ వైపు నుంచి చూడండి. ఆ సినిమా అంతా కిర్క్, ఖాన్‌ల పగ. అయినా వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడరు. తెర మీద ముఖాలు చూసుకుని కేకలేసుకుంటారు, అంతే. ఒకే సెట్టు రెండు నౌకలైనప్పుడు ఇద్దరినీ ఒకే రోజు రెండు చోట్లా నిలబెట్టలేరు మరి. సమ్మెట దెబ్బలు తిన్నది చెక్క, దాని గుర్తులు పడింది నటన మీద. జలాంతర్గాముల యుద్ధంలా ఉందని ఆ సినిమాని మెచ్చుకుంటారు. ఆ బిగువులో కొంత వాటా వడ్రంగులదని నా నమ్మకం. దర్శకత్వం గురించి రాసే పుస్తకాల్లో ఈ మాట అంతగా కనబడదు.

మళ్ళీ వరండా దగ్గరికి వద్దాం. 1987లో హెర్మన్ జిమ్మర్‌మన్ 'నెక్స్ట్ జనరేషన్' డిజైన్ చేసేటప్పటికి సినిమా సెట్లు పారమౌంట్ స్టేజ్ 9లో ఉన్నాయి. స్టేజ్ అంటే మన సినిమావాళ్ళ మాటలో ఫ్లోర్. ఆ వరండాలకు కొత్త రంగు, కొత్త కార్పెట్ వేశారు. పాత సినిమా బ్రిడ్జి కొత్త సీరియల్‌కి 'బ్యాటిల్ బ్రిడ్జి' అయింది. మొదటి సీజన్‌లో ఆసుపత్రి గదిలో మంచాలు తీసేసి పొడవాటి బల్ల వేస్తే అదే అధికారుల మీటింగ్ హాలు. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత అప్పు తిరగబడింది. సినిమా దగ్గర సీరియల్ తీసుకున్నదాన్ని సినిమాలు మళ్ళీ సీరియల్ దగ్గర తీసుకున్నాయి. 1989లో వచ్చిన అయిదో సినిమాలో కిర్క్ నడిచేది సీరియల్ వాళ్ళ వరండాల్లోనే. 1991లో వచ్చిన ఆరో సినిమాలో గ్రహాల కూటమి అయిన ఫెడరేషన్ అధ్యక్షుడి కార్యాలయం చూసి ఎంత హుందాగా ఉందో అనుకుంటాం. అది సీరియల్‌లోని టెన్ ఫార్వర్డ్ బారు. సీసాలు తీసేసి అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టారు.

నౌక మారిందని చెప్పడానికి అన్నిసార్లూ గోడ కూల్చక్కర్లేదు. మైకేల్ ఒకుడా చేసిన కంట్రోల్ ప్యానెళ్ళు చూడండి. నల్లటి ఫిల్ము మీద అచ్చు, మధ్యలో రంగు జెల్ కాగితాలు, పైన అక్రిలిక్ షీటు, వెనక లైటు. బటన్లు, మీటలు బిగించే ఖర్చే లేదు. ఫిల్ము మారిస్తే వేరే నౌక. అవి టచ్ స్క్రీన్లను ముందే ఊహించాయని ఇప్పుడు పొగుడుతారు. నిజమే, కానీ ఆ ఊహకి చేతిలో డబ్బు లేకపోవడమూ ఒక కారణం.

వస్తువులదీ ఇదే కథ. 1966 సెప్టెంబరు 8న ప్రసారమైన మొదటి ఎపిసోడ్‌లో ఉప్పు కోసం మనుషుల్ని చంపే జీవి ఉంటుంది. దానికోసం భవిష్యత్తులోవిలా కనిపించే వింత ఉప్పుడబ్బాలు కొనుక్కొచ్చారు. అవి ఎంత వింతగా ఉన్నాయంటే, ఉప్పుడబ్బాలని ఎవరూ గుర్తుపట్టరేమో అని భయపడి మామూలు డబ్బాలు పెట్టారు. వింతవి డాక్టర్ మెకాయ్ చేతికి వైద్య పరికరాలై చేరాయి. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే అదే కాలంలో వచ్చిన 'టైమ్ టన్నెల్' సీరియల్ చూడండి. అందులో మిణుకుమనే యంత్రాల్లో కొన్ని ఐబీఎం కట్టిన అసలు కంప్యూటర్ ప్యానెళ్ళు. సోవియట్ బాంబర్లను పసిగట్టడానికి అమెరికా వాయుసేన పెట్టుకున్న యంత్రం అది. ఒక్కొక్కటి దాదాపు 250 టన్నులు. తుక్కు కింద వచ్చిన ఆ ప్యానెళ్ళు తర్వాత ఎన్నో సినిమాల్లో, సీరియళ్ళలో మెరిశాయి. దేశ రక్షణ ఉద్యోగం నుంచి రిటైరై ఎక్స్‌ట్రా వేషాలు వేసుకున్నట్టు.

సరే, ఇవన్నీ ఎలా పట్టుకోవాలి? మీరు ఈ పని మొదలుపెడితే మొదటి తప్పు ప్రసార తేదీలను నమ్మడం దగ్గరే చేస్తారు. బ్రిటన్‌లో బీబీసీ సీరియల్ 'డాక్టర్ హూ' తీసుకోండి. 1975 మొదట్లో 'ఆర్క్ ఇన్ స్పేస్' కథ వచ్చింది. ఏప్రిల్‌లో 'రివెంజ్ ఆఫ్ ది సైబర్‌మెన్' వచ్చింది. రెండూ రోజర్ మర్రే-లీచ్ సెట్లలోనే నడుస్తాయి. మధ్యలో వేరే కథలు ప్రసారమయ్యాయి కాబట్టి సెట్టు నెలల తరబడి దాచారనుకుంటాం. కానీ ఒకదాని వెనక ఒకటి 1974 చివర్లోనే తీసేశారు. అందుకే గోడకు మేకు ఎప్పుడు పడిందో తెలియాలంటే చిత్రీకరణ వరస కావాలి. ఇక్కడ రచయితల నిజాయితీ కూడా చెప్పాలి. ఇది వేరే చోటని బుకాయించలేదు. అదే అంతరిక్ష కేంద్రం, వేల ఏళ్ళ ముందు అని కథలోనే ఒప్పేసుకున్నారు.

రెండో ఆధారం తెర స్పష్టత. 'నెక్స్ట్ జనరేషన్'ని 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీసి, ఎడిటింగ్ వీడియో టేపు మీద చేశారు. 2012 నుంచి బ్లూ-రే కోసం ఫిల్మును మళ్ళీ స్కాన్ చేస్తే, లైట్లు ప్రతిఫలించకుండా ప్యానెళ్ళ మీద టేపుతో అంటించిన నల్ల అట్టముక్కలు బయటపడ్డాయి. అభిమానులకు అది నవ్వులాట, మనకు ఆధారం. లైటు ఏ వైపు నుంచి వేశారో, కెమెరా ఎక్కడుందో ఆ అట్టముక్క చెప్పేస్తుంది.

వేలం కేటలాగులు కూడా పనికొస్తాయి. 2006 అక్టోబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ మూడు రోజులు స్టార్ ట్రెక్ వస్తువులు వేలం వేసింది. 'నెక్స్ట్ జనరేషన్' నౌక మోడల్ ఒక్కటే 5,76,000 డాలర్లకు పోయింది. కేటలాగు ఫోటోల్లో మనం చూడాల్సింది వస్తువు వెనక వైపు. ముందు వైపు ఎలాగూ అందరూ చూశారు. వెనక పాత రంగు పొరలు, వేసి తీసేసిన స్క్రూల కన్నాలు ఉంటాయి.

'నెక్స్ట్ జనరేషన్' బ్రిడ్జి 1994 సినిమా తర్వాత మిగల్లేదు. 2023లో మరో స్టార్ ట్రెక్ సీరియల్ 'పికార్డ్' మూడో సీజన్‌కి అదే బ్రిడ్జి కావాల్సి వచ్చి డేవ్ బ్లాస్ బృందం మొదటి నుంచి కట్టుకుంది. ఒకుడా కూడా ఆ పనిలో ఉన్నాడు. వాళ్ళు చేసింది అచ్చంగా మనం చేసే పరిశోధనే. కాకపోతే వాళ్ళకు చివర్లో కూర్చోవడానికి కుర్చీ దొరికింది.

ఇక మీకో పని. 'రాత్ ఆఫ్ ఖాన్' మళ్ళీ చూడండి, సౌండ్ తీసేసి. కిర్క్ బ్రిడ్జి, ఖాన్ బ్రిడ్జి వచ్చినప్పుడల్లా ఆపి, ఏ బద్ద ఎక్కడికి జరిగిందో కాగితం మీద గీయండి. మనుషుల్ని చూడొద్దు, వాళ్ళ భుజాల వెనక చూడండి. గీసినవి పట్టుకుని వస్తే పక్కపక్కన పెట్టి చూద్దాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.