తివాచీ మీద బ్లీచింగ్ పోయకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు కార్యదర్శి గారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. గృహాలంకరణ గురించి మాట్లాడమన్నారు. రసాయన శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అలంకరణ నాకేం తెలుసు? తివాచీలు ఉతకడం గురించి మాత్రం చెప్పగలను. చాలాకాలంగా కడుపులో మంటగా కూడా ఉంది.

ఈ బల్ల మీద రెండు గాజు గ్లాసులున్నాయి. రెండింటిలోనూ మీ స్నానాలగదిలో వాడే బ్లీచింగ్ ద్రవమే. ఒకదానిలో నూలుదారం వేస్తున్నాను, రెండోదానిలో తివాచీ నుంచి ఊడిన ఉన్నిపోగు. అలా ఉండనివ్వండి. పిల్లలూ, దగ్గరికి రాకండి, ఘాటు.

మనది ఏలూరు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు మొగలుల కాలంలో ఇక్కడ స్థిరపడ్డారని చెబుతారు. తంగెళ్లమూడి మగ్గాల దగ్గర మీలో ఎందరు నిలబడి చూశారు? మగ్గానికి నిలువునా బిగించిన నూలు పడుగు మీద ఉన్నిని ఒక్కొక్క ముడిగా వేసి, కత్తితో కోసి, వరుస పూర్తయ్యాక అడ్డదారం, అంటే పేక, నడిపి దిగగొడతారు. జపాన్‌లోని క్యోటోలో గియోన్ పండుగ రథాలకు మన దక్కను తివాచీలు కడతారు. వాటిని శతాబ్దాలుగా కాపాడుకున్నారు. మనం ఒక్క సాంబారు మరకకు కాపాడుకోలేకపోతున్నాం.

సాంబారు సంగతి చెప్పాలి. నా పాత విద్యార్థి ఇంట్లో తాతగారి నాటి తివాచీ ఉండేది. గృహప్రవేశం భోజనాల్లో దాని మీద సాంబారు ఒలికింది. ఇంటి ఇల్లాలు సబ్బు పెట్టి రుద్దింది. సబ్బులో క్షారం ఉంటుంది, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పారాణి పళ్లెం చూసిన ప్రతివారికీ తెలిసిన సంగతే, కానీ ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది? తివాచీ రంగే కారిపోతోందనుకుని ఉతికే షాపుకు పంపారు. పేరు చెప్పను. వాళ్లు బ్లీచింగ్ పోశారు. తిరిగి వచ్చేసరికి మరక పోయింది, మరకతోపాటు ఉన్నీ పోయింది! అరచేయంత మేర నూలు పడుగు, పేక గోనెసంచిలా బయటపడ్డాయి. అడిగితే షాపతను “మరక పోయింది కదండీ” అన్నాడట.

గ్లాసు చూడండి. ఉన్ని చుట్టూ బుడగలు వస్తున్నాయా? ఉన్ని, పట్టు మాంసకృత్తులు. బ్లీచింగ్ వాటిని కరిగించేస్తుంది. చాకలి సోడా కూడా వాటిని చెరుపుతుంది, కాస్త నెమ్మదిగా. నూలు వేరే పదార్థం, అందుకే తట్టుకుంది.

మరేం చేయాలంటారా? ఒలికిన వెంటనే చెంచాతో ఎత్తేయండి. తెల్లటి నూలుగుడ్డతో అద్దండి. రుద్దకండి, అమ్మా, రుద్దకండి! తర్వాత చన్నీళ్లు. అంతకుముందు ఒక మూల తడిగుడ్డ అదిమి చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపేయండి. పసుపు మిగిలితే మిగతా తివాచీ అంతా దుప్పటితో కప్పి, మరకను మాత్రం కాసేపు ఎండకు వదలండి. పసుపు ఎండకు నిలవదు.

అసలు ఉతకవలసిన అవసరమే తక్కువ. తివాచీకి పెద్ద శత్రువు ఉన్ని ముడుల అడుగుకు దిగిన ఇసుక. నడిచినప్పుడల్లా పోగుల్ని కోస్తుంది. తివాచీని బోర్లా పరిచి వీపున మెల్లగా తట్టండి, ఇసుక రాలుతుంది. పిట్టగోడ మీద వేసి కర్రతో బాదితే పడుగు తెగుతుంది. వాక్యూమ్ క్లీనర్ వాడితే తిరిగే బ్రష్షు ఆపి వాడండి, అంచు కుచ్చుల మీదికి పోనివ్వకండి. అవి అలంకారానికి కుట్టినవి కావు, పడుగు కొసలు.

పట్టు తివాచీ ఇంట్లో ఉతకనే ఉతకకండి. అది పట్టో కాదో కూడా చూసుకోండి. ఒక పోగు కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, కాగితం కాలిన వాసన వస్తే విస్కోస్, అంటే చెక్కగుజ్జుతో చేసిన నకిలీ పట్టు. విస్కోస్ తడిస్తే సగం బలం పోతుంది.

చిమ్మటలంటారా? వేపాకు చాలదు, పెద్దమ్మగారూ. సోఫా కింది చీకట్లోనే వాటి పురుగులు ఉన్నిని తింటాయి. సోఫా జరపండి, తివాచీని అప్పుడప్పుడు తిప్పి వేయండి. దాచేటప్పుడు మడత పెట్టకుండా చుట్టి, పాత పంచెలో కట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మన ఉక్కకు బూజు ఖాయం.

ఇదిగో గ్లాసు. ఉన్ని ఏది? దారం మాత్రం తేలుతోంది.

కార్యదర్శి గారు గంట కొడుతున్నారు, ఒక్క నిమిషం. ఆ తివాచీని తంగెళ్లమూడిలో ఒక పెద్దాయన బాగు చేశాడు. పడుగు మిగిలింది కనుక దాని మీదే మళ్లీ ముళ్లు వేశాడు, పాడైనచోట కొత్త నూలు ఎక్కించాడు. రంగు కాస్త తేడాగానే ఉంది. ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. మీ ఇళ్లలో చిరిగినవి ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి, ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్తాను. కూలి దగ్గర బేరమాడేవాళ్లు మాత్రం రాకండి.