దారం పోగుకు 750 గంటలు

శ్రోతలకు నమస్కారం.

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అమ్మకు చివరి దాకా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. "లాయరువే కదా, మరి ఎవరి తరపు? దొంగల తరపా, పోలీసుల తరపా?" అని అడిగేది. రెండూ కాదమ్మా, లైసెన్సులు చూస్తాను అంటే, "లైసెన్సు బండి నడిపేవాడికి కదే, దానికి లాయరెందుకు?" అని నవ్వేది. ఆ నవ్వుకు జవాబు చెబుదామనే ఈ పది నిమిషాలూ అడిగి తీసుకున్నాను.

నేను పనిచేసింది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో. శాఖ పేరు చెప్పను, వాళ్లు నాకు చాలా ఏళ్లు జీతం ఇచ్చారు. అక్కడ డాక్టరుకు లైసెన్సు ఇచ్చేది దేశం కాదు, రాష్ట్రం. నర్సుకు, ఎలక్ట్రీషియన్‌కు, ఏసీ బాగుచేసేవాడికి, జుట్టు కత్తిరించేవాడికి, అందరికీ రాష్ట్రమే. లైసెన్సు ఉన్నవాళ్ల మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఒక అధికారి వెళ్లి విచారిస్తాడు. ఆయన తయారుచేసిన ఫైలు నా బల్ల మీదికి వస్తుంది. నోటీసు ఇవ్వాలా, ఫైలు మూసెయ్యాలా? నోటీసు ఇస్తే, అవతలివాళ్లు విచారణ కోరితే, శాఖతో సంబంధం లేని జడ్జి ముందు దాన్ని రుజువు చేయాలి. రుజువు చేయాల్సింది మేమే, వాళ్లు కాదు. ఉద్యోగం ఇంతే.

ఫిర్యాదు చేసినవాళ్లు చాలామంది నన్ను తమ లాయరు అనుకునేవారు. "ఏసీ పాడు చేశాడు, నా డబ్బు ఇప్పించండి" అని ఫోను చేసేవారు. నేను వాళ్ల లాయరును కాను, అలాగని ఏసీ మెకానిక్‌కు శత్రువునూ కాను. వాళ్ల కోపం నాకు అర్థమయ్యేది. నా ఇంట్లో ఏసీ ఆగిపోయి ఉంటే ఆగస్టు నెల టెక్సాస్‌లో నేనూ అలాగే అరిచేదాన్ని.

సరే, ఇక నాకు బాగా ఇష్టమైన కథ చెబుతాను. ఇది నా కేసు కాదు, కానీ మా వృత్తిలో ఉన్నవాళ్లందరం చదివిన కేసు. దారం కథ.

త్రెడింగ్ మీకు తెలుసు. తెల్లటి నూలు దారం. ఒక కొస పంటితో పట్టుకుని, మిగతాది రెండు చేతుల వేళ్ల మధ్య మెలిపెట్టి, ఆ మెలిని కనుబొమ్మ మీద టకటకా ఆడిస్తుంటే వెంట్రుకలు కుదుళ్లతో సహా వచ్చేస్తాయి. "చర్మం లాగి పట్టుకోండి" అని మన చేతే పట్టిస్తారు. కళ్లలోంచి నీళ్లు కారతాయి. ఏడుపు కాదు, ఊరికే కారతాయి. కత్తి లేదు, రసాయనం లేదు, వేడి మైనం లేదు. ఉన్నదల్లా దారం. మన ఊళ్లలో వీధికొక పార్లర్‌లో జరిగే పని.

ఈ దారం మనవాళ్లతో పాటు సముద్రం దాటి టెక్సాస్ షాపింగ్ మాల్స్‌లోకి వెళ్లింది. అక్కడి శాఖ ఏమన్నదంటే, ఇది అందాల వృత్తి కిందికి వస్తుంది, చర్మ సంరక్షణ లైసెన్సు ఉండాలి అన్నది. ఆ లైసెన్సుకు శిక్షణ 750 గంటలు. దానిపైన రెండు పరీక్షలు. దాదాపు 2008, 2009 ప్రాంతంలో తనిఖీలు జరిగాయి, త్రెడింగ్ చేసేవాళ్ల మీద చర్యలు మొదలయ్యాయి. వాళ్లు ఊరుకోకుండా కోర్టుకు వెళ్లారు. పటేల్ కేసు అని దానికి పేరు. అవతలి పక్షం టెక్సాస్ లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ శాఖ, అంటే ప్రభుత్వం.

ప్రభుత్వ లాయర్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. అది మీరు నమ్మాలి. ఒకే దారం ఇద్దరికి వాడితే? చేతులు కడుక్కోకపోతే? వెంట్రుక ఊడిన చోట చర్మం తెరుచుకుని ఉంటుంది, అంటువ్యాధి సోకవచ్చు. శుభ్రత నేర్పాలి కదా? నేర్పాలి. నేను ఆ కుర్చీలో ఉంటే నేనూ ఇదే వాదించేదాన్ని. కింది కోర్టు ఒప్పుకుంది, పైకోర్టు ఒప్పుకుంది. ప్రభుత్వమే గెలుస్తుందని నేను ఒక సహోద్యోగితో భోజనం పందెం కూడా కాశాను.

తర్వాత కేసు టెక్సాస్ సుప్రీంకోర్టుకు వచ్చింది. అక్కడ జడ్జీలు గంటలు లెక్కపెట్టారు. పట్టుకోవాల్సింది ఇదే: గంటలు లెక్కపెట్టారు. ఈ 750 గంటల్లో దారం పనికి సంబంధం ఉన్నవి ఎన్ని? త్రెడింగ్ చేసేవాళ్లు చాలా కొద్దే అన్నారు. ప్రభుత్వం చాలానే ఉన్నాయి అంది. అయితే ప్రభుత్వం చెప్పిన లెక్కనే తీసుకున్నా, సంబంధం లేనివి 320 దాకా తేలాయి.

320 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 40 రోజులు. దాదాపు ఒక మండలం. అయ్యప్ప దీక్ష ఎంతో, అంత. ఆ మండలం రోజులూ ఒక మనిషి సంపాదన మానుకుని, పైగా ఫీజు కట్టి, తన పనికి అక్కరలేని పాఠాలు వినాలి. విని, పరీక్ష రాసి వచ్చి, ఆ పాఠాల్లో లేని దారం పని చేసుకోవాలి. ఎందుకంటే చాలా బ్యూటీ స్కూళ్లలో దారం పట్టడం నేర్పనే నేర్పరు.

2015 జూన్‌లో తీర్పు వచ్చింది. ఆరుగురు జడ్జీలు త్రెడింగ్ వాళ్ల పక్షం, ముగ్గురు కాదన్నారు. వీళ్ల మీద ఇంత భారం మోపడం టెక్సాస్ రాజ్యాంగం ఒప్పదని మెజారిటీ చెప్పింది. శుభ్రత నేర్పవద్దని ఎవరూ అనలేదు. ఒప్పుకోని ముగ్గురూ సామాన్యులు కాదు. వారిలో ప్రధాన న్యాయమూర్తి కూడా ఉన్నారు. చట్టసభ తేల్చాల్సిన సంగతిని కోర్టు తేల్చకూడదన్నది వారి భయం. ఆ భయంలో నాకు న్యాయం కనబడుతుంది. ఇవాళ దారానికి లెక్కపెట్టిన గంటలే రేపు మత్తుమందు ఇచ్చే నర్సుకూ లెక్కపెడతామంటే ఎక్కడ ఆగాలి? అయినా నేను ఆరుగురి వైపే. పందెం భోజనం నేనే పెట్టాను. ఆనందంగానే పెట్టాను.

ఆ తీర్పు తర్వాత నా బల్ల మీద మారినది ఒకటుంది. ఫైలు తెరిచినప్పుడు అంతకుముందు "ఈ మనిషి నియమం తప్పాడా?" అని చూసేదాన్ని. తర్వాత దాని పక్కన ఇంకో ప్రశ్న పెన్సిలుతో రాసుకునేదాన్ని: "ఈ నియమం ఎవరిని కాపాడుతోంది?" జవాబు దొరికితే గట్టిగా నిలబడేదాన్ని. ఏ అర్హతా లేకుండా ఇంటికి కరెంటు వైరింగ్ చేసినవాడి కేసులో జవాబు వెతకనక్కరలేదు, ఆ ఇంట్లో పిల్లలు నిద్రపోతుంటారు. గోడకు లైసెన్సు కాగితం తగిలించలేదన్న కేసులో మాత్రం జవాబు కోసం చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని.

సమయం అయిపోతోందని అద్దం అవతల చేయి ఊపుతున్నారు. చెప్పాలనుకున్నవన్నీ పక్కన పెట్టి, ఒక్క పనికొచ్చే మాట చెబుతాను. మీ పిల్లలో, మేనకోడళ్లో అమెరికాలో లైసెన్సు మీద పనిచేస్తుంటే వాళ్లకు చేరవేయండి.

ఒక ఉగాది సంబరంలో, పులిహోర వరుసలో నిలబడి ఉండగా ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ఊరు గుంటూరు పక్కన. టెక్సాస్‌లో సొంతంగా చిన్న పార్లర్ పెట్టుకుంది. చేతిసంచీలోంచి ఒక కవరు తీసి "అక్కా, మీరు లాయరట కదా, ఇదేమిటో ఒక్కసారి చూడండి" అంది. కవరు ఫ్రిజ్ మీద ఆవకాయ జాడీ కింద ఉండేదట. దాని మీద గుండ్రంగా నూనె వలయం. లైసెన్సు శాఖ ఎర్రటి ముద్ర సగం ఆ నూనెలోనే ఉంది. ఇంకా చింపలేదు. "భయమేసి తెరవలేదక్కా" అంది.

నేను చదవలేను. ప్రభుత్వ లాయరుగా ఉంటూ ప్రభుత్వం నోటీసు ఇచ్చిన మనిషికి సలహా ఇవ్వకూడదు. అది చెబితే ఆవిడ మొహం చిన్నబోయింది. "మరి మీరు ఎవరి లాయరక్కా?" అంది. మా అమ్మ ప్రశ్నే. చెప్పగలిగినంత చెప్పాను: ఇప్పుడే తెరువు, లోపల తేదీ చూడు, ఇవాళే వేరే లాయరుకు ఫోను చెయ్యి.

నాకు తెలిసిన సంగతి మీకైతే చెప్పవచ్చు. టెక్సాస్‌లో ఆ కోవ నోటీసు అందిన రోజు నుంచి 20 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. జరిమానా ఒప్పుకుంటున్నానని రాయవచ్చు. ఒప్పుకోను, విచారణ కావాలని రాయవచ్చు. ఏదీ రాయకపోతే నోటీసులో ఉన్నదే ఖాయమై ఉత్తర్వు వస్తుంది. ఆ తర్వాత మీ దగ్గర ఎంత మంచి సాక్ష్యం ఉన్నా అది చూపించడానికి గది దొరకడం కష్టం. వేరే రాష్ట్రాల్లో, వేరే బోర్డుల్లో గడువు వేరుగా ఉంటుంది, కానీ గడువు మాత్రం ఉంటుంది. నా ఉద్యోగంలో చూసిన జరిమానాల్లో, మనిషి ఒక్క ఉత్తరం రాసి ఉంటే తగ్గిపోయేవి, కొన్నిసార్లు ఎగిరిపోయేవి ఎన్నో ఉన్నాయి. మేము అవతలి కథ వినకుండానే గెలిచేవాళ్లం. అలా గెలిచిన రోజు ఇంటికి వెళ్లి ఎవరికీ చెప్పుకునేదాన్ని కాదు.

కవరు వస్తే ముందు దాని మీద, అందిన తేదీ పెన్నుతో రాయండి. తర్వాత తెరవండి. ఫ్రిజ్ మీద పెట్టవద్దు.

ఆవిడ ఆ కవరు అక్కడే, పులిహోర వరుసలోనే, చెంచా కొసతో చింపింది. లోపలి కాగితానికి కూడా నూనె అంటింది. వేలితో ఒక్కొక్క వరుసా జరుపుకుంటూ తేదీ కోసం వెతుకుతోంది. నేను మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాను, చదవకూడదు కదా. వెనక నుంచి గొంతు వినబడింది: "అక్కా, ఇవాళ తారీఖు ఎంత?"

అది చెప్పవచ్చు. చెప్పాను.

నమస్కారం.