బ్లెండెడ్ లెర్నింగ్ అంటే ఆన్‌లైన్ క్లాసు కాదు నాయనా!

నమస్తే. వరంగల్‌లో ఎంబీబీఎస్, నర్సింగ్ చదివే పిల్లల ఇళ్లలో ఒక మాట తరచూ వింటుంటాను: "ఫోన్లో క్లాసులు విని రేపు మాకు సూదులేస్తారా?" వింటే ఒళ్లు మండుతుంది. 2020 లాక్‌డౌన్‌లో జరిగింది గత్యంతరం లేక చేసిన పని. పాఠాలు ఫోన్లోకి వచ్చాయి, వార్డు రాలేదు. దాన్ని బ్లెండెడ్ అనరు, సగం చదువు అంటారు.

మరి బ్లెండెడ్ అంటే? వీడియోలో నేర్చుకోగలిగేది వీడియోలో, చేతితో నేర్చుకోవాల్సింది క్లాసులో, వార్డులో; రెండూ కలిపిన చదువు. బీపీ చూడటం తీసుకుందాం.

[స్క్రీన్ మీద: చేతికి కట్టిన కఫ్ (గాలి పట్టీ), పక్కన డయల్]

ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టాలి. నాడి అందకుండా పోయిన చోటు నుంచి ఇంకో 30 పెంచి, స్టెతస్కోపు పెట్టి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించాలి. ఆ 30 ఎందుకంటే, కొందరు బీపీ పేషెంట్లలో గాలి దించేటప్పుడు స్టెతస్కోపులో నాడి శబ్దం మొదలై, మధ్యలో మాయమై, మళ్లీ వస్తుంది. గాలి తక్కువ కొట్టామా, రెండోసారి వచ్చిన శబ్దాన్నే పై బీపీ అనుకుని 180 ఉన్న మనిషికి 140 రాసేస్తాం. అలాంటి పేషెంటు మీ వార్డు డ్యూటీ రోజునే ఎంజీఎం ఆసుపత్రిలో దొరకాలని లేదు. వీడియోలో దొరుకుతాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శబ్దం పోయే చోట ఎన్నిసార్లయినా వెనక్కి జరుపుకోవచ్చు. లెక్చర్ హాల్లో "మళ్లీ చెప్పండి సార్" అని అన్నిసార్లు అడిగే ధైర్యం ఎవరికుంది?

ఇక వీడియో వల్ల కాని పని. రబ్బరు బల్బు పక్కన స్క్రూ ఉంది చూశారా? బొటనవేలితో కాస్త ఎక్కువ తిప్పితే ముల్లు 160 నుంచి 90కి జారిపోతుంది, వినడానికి ఏమీ మిగలదు. ఎంత తిప్పాలో వేలికే తెలియాలి. పైగా వార్డులో ఫ్యాను చప్పుడు, పక్క మంచం వాళ్ల ముచ్చట్లు. ములుగు నుంచి వచ్చిన పెద్దమ్మ సరిగ్గా అప్పుడే "ఎంతున్నది బిడ్డా?" అంటుంది. మాట్లాడితే బీపీ పెరుగుతుందని వీడియో చెప్పింది గానీ, ఆమెను నొచ్చుకోకుండా ఎలా ఆపాలో చెప్పలేదు.

పిల్లల గోల కూడా న్యాయమైందే. రాత్రి హాస్టల్లో కళ్లు మండేలా వీడియో చూసి వెళ్తే, పొద్దున సార్ అవే స్లైడ్లు మళ్లీ చదువుతారు. ఇక ఎవరు చూస్తారు? హాజరు కోసం మ్యూట్‌లో పెట్టి నడిపిస్తారు. నేనైనా అదే చేస్తాను. క్లాసు టైము చేతిపనికి వదలాలి. రెండు జతల ఇయర్‌పీసులున్న టీచింగ్ స్టెతస్కోపులు ఉంటాయి, టీచరూ విద్యార్థీ ఒకే శబ్దం వింటారు. "ఇదిగో, ఇప్పుడు!" అని మేడమ్ వేలు ఎత్తిన క్షణాన వీడియోలో విన్నది కాస్తా చెవికి ఎక్కుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి చకచకా. క్విజ్‌లో 10కి 10 వస్తే పని వచ్చినట్టు కాదు. రికార్డుల్లో చూడకుండానే అందరికీ 120/80 రాసేస్తారు. ఇంకొందరు 125 రాస్తారు. డయల్ మీద గీతలు రెండేసి లెక్కన ఉంటాయి, 125 ఎక్కడ కనబడింది? తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు వీడియో ఆపి ఆపి చూసుకునే వీలు పెద్ద ఊరట, సిగ్నల్ అందని ఊళ్లవాళ్లకు డౌన్‌లోడ్ కూడా కావాలి. గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కే సీపీఆర్‌దీ ఇదే కథ: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు అని వీడియో చెబుతుంది, ఆ లోతు ఎంతో బొమ్మ మీద నొక్కితేనే తెలుస్తుంది. బొమ్మ ఎవరైనా అరువిస్తే వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను.