వన్ టౌన్ పాత మేడలో ఆరు ఫ్లాట్లు: గోడ మీద చెయ్యేసి చూశాను

అందరికీ నమస్కారం. ఈ రోజు విశాఖ వన్ టౌన్‌లో ఉన్నాను, కురుపాం మార్కెట్‌కి దగ్గర్లో. ఎదురుగా ఇంకో ఆటో వస్తే ఒకటి వెనక్కి వెళ్లాల్సినంత సన్న వీధి. ఈ మేడ మన పోర్టు తెరిచిన 1933 కంటే ముందే కట్టిందని ఇంటివాళ్లు చెప్పారు.

అన్నదమ్ముల పిల్లలకి వాటాలు కుదరక డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. మామూలుగా అయితే పొక్లెయిన్ వస్తుంది, వారంలో నేలమట్టం. వీళ్లు మాత్రం అరుగులు, గోడలు, మిద్దె అన్నీ ఉంచి లోపల ఆరు ఫ్లాట్లు చేయించారు. మన ఊళ్లో ఇలా చేయడం నేనింతవరకు చూడలేదు, అందుకే రెండుసార్లు వచ్చాను.

మొదటి అంతస్తు హాల్లోకి రండి. పైకి చూడండి. ఇవి టేకు దూలాలు. వాటి మీద చిన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో బిగించారు. దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. ఫాల్స్ సీలింగ్ వేసి దాచేయకుండా శుభ్రం చేసి నూనె పట్టించి వదిలారు. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాన్ ఆపి కూర్చున్నాను. ఉక్కపోత ఉంది, అది విశాఖలో ఎక్కడికి పోతుంది! కానీ స్లాబు కింద నెత్తిమీద కొట్టే సెగ లేదు.

నాకు బాగా నచ్చింది బాత్రూంల సంగతి. పాత దూలాల మీద బాత్రూం పెడితే లీకేజీకి చెక్క పుచ్చిపోతుంది. వీళ్లు పెరటి వైపు విడిగా పిల్లర్లు లేపి, బాత్రూంలు, వంటగదులు అన్నీ అటే పెట్టారు. పాత కట్టడం, కొత్త కట్టడం ఒకేలా కుంగవు కాబట్టి రెండింటి మధ్య సందు వదిలి పైన రేకు కప్పారు. పని తెలిసినవాళ్లు చేసిన పని ఇది.

ఇప్పుడు కింద వెనక ఫ్లాట్. ఈ పడగ్గది గోడ చూడండి, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా. రంగు బుడగలు లేచింది. గోటితో ఇలా గీకితే తెల్లటి పొడి రాలుతోంది. అది ఉప్పు. రంగు వేసి ఏడాది కూడా కాలేదట.

పాత గోడ ఇటుక, గానుగ సున్నంతో కట్టింది. నేలలోంచి చెమ్మ పీల్చుకుంటుంది, పైనున్న సున్నం పూతలోంచి మెల్లగా బయటికి వదిలేస్తుంది. ఈ ఒక్క ఫ్లాట్‌లో ఆ పూత తీసేసి సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేశారు. చెమ్మకి దారి మూసుకుపోయింది. పైగా సముద్రం పక్కనే, గాలిలోనే ఉప్పు. పెచ్చులు ఊడక ఏమవుతుంది? మళ్లీ రంగేస్తే తగ్గదండీ. సిమెంట్ అంతా ఇటుక దాకా కొట్టేసి, గోడ ఆరాక సున్నం పూత వేయాలి. ఇంత మంచి పనిలో ఇక్కడ తొందరపడ్డారని నిజంగా బాధేసింది.

కొనాలనుకునేవాళ్లు టేపు తీసుకెళ్లండి. ఈ బయటి గోడలు అడుగున్నర మందం. రెరా అంటే ఫ్లాట్లు కొనేవాళ్ల కోసం వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం. దాని లెక్కలో బయటి గోడలు కార్పెట్ ఏరియాలోకి, అంటే లోపల మనం వాడుకునే చోటులోకి రావు. బిల్డర్ చెప్పే సూపర్ బిల్టప్‌లో, అంటే గోడలు, మెట్లు అన్నీ కలిపిన లెక్కలో మాత్రం ఉంటాయి. కాగితం మీద పెద్దగా కనిపించే ఫ్లాట్ లోపల చిన్నగా తేలుతుంది.

ఇంకో మాట. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇక్కడ ఆరే. కాబట్టి రెరా నంబర్ చూసి ధైర్యపడే అవకాశం లేదు. జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ ఆమోదించిన ప్లాను, కాపురానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి మీద అమ్మకాలు, తనఖాలు చూపించే ఈసీ మీరే చూసుకోవాలి. వారసులందరూ సంతకం పెట్టారా, ఆడపిల్లలతో సహా, అడగండి. స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో అంకెల్లో ఉండాలి.

నా వరకు, పై అంతస్తు ఫ్లాట్ అయితే కళ్లు మూసుకుని అమ్మని తీసుకొచ్చి చూపిస్తా. కిందది ఇప్పుడు వద్దు. ఆ గోడకి సున్నం పూత వేయిస్తామని ఇంటివాళ్లు మాటిచ్చారు. హుద్‌హుద్ తుపాను వచ్చింది అక్టోబర్‌లోనే కదా, ఈ అక్టోబర్ వానలు పడ్డాక మళ్లీ వచ్చి అదే గోడని అదే చోట గోటితో గీకి చూపిస్తాను.