తప్పు పెన్సిల్‌ది కాదు

శ్రోతలకు నమస్కారం.

2025లో మన అనంతపురం కుర్రాళ్లు బొమ్మల సినిమాల గురించి, అంటే యానిమేషన్ గురించి, మాట్లాడుకున్నంతగా అంతకుముందెప్పుడూ మాట్లాడుకోవడం నేను వినలేదు. జులైలో ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. తెర మీద ఒక్క స్టార్ హీరో లేడు. అయినా ప్రపంచవ్యాప్తంగా వసూళ్లు 300 కోట్ల రూపాయలు దాటాయి. అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కి వచ్చిన మన సీమవాళ్లు ఆ కథను తెర మీద చూడ్డానికి పిల్లాజెల్లాతో, అవ్వాతాతలతో కలిసి వెళ్లారు. సెప్టెంబరులో జపాన్ నుంచి ‘డీమన్ స్లేయర్: ఇన్‌ఫినిటీ క్యాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో దిగింది. దానికి కాలేజీ పిల్లలు ఎగబడ్డారు.

అప్పట్నుంచి టీ కొట్ల దగ్గర ఒకటే వాదన. “కంప్యూటర్ ఉండగా ఇంకా చేత్తో గీసేదేంటికన్నా? ఆ కాలం అయిపాయ” అని ఒకడు. “అయిపోతే మరి ఆ జపాన్ సినిమాకు మనకు టికెట్లు ఏంటికి దొరకలేదు, చెప్పు?” అని ఇంకొకడు.

నేను ఆ రెండోవాడి పక్షం. నరసింహుడి సినిమా కంప్యూటర్‌లో తయారైన త్రీడీ బొమ్మ. దాని వెనకున్న కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. జపాన్ సినిమాలో కూడా ఆ అంతులేని కోట, గిర్రున తిరిగే గదులు కంప్యూటర్‌లో కట్టినవే. కానీ అందులో మనుషుల్ని, వాళ్ల కోపాన్ని, ఏడుపుని గీసింది మాత్రం ఆర్టిస్టుల చేతులే.

చేత్తో గీయడమంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. మామూలుగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడతారు కాబట్టి సెకనుకు 12 బొమ్మలు కావాలి. గంటన్నర సినిమాలో ఒక పాత్ర మొదటి నుంచి చివరిదాకా కదులుతూ ఉందనుకోండి, ఆ ఒక్క పాత్రకే 64,800 బొమ్మలు. పక్కన ఇంకొకరు వచ్చి నిలబడితే వాళ్ల లెక్క వేరే.

ఇవన్నీ ఒక్కరే గీయరు. సీనియర్ ఆర్టిస్టు ముఖ్యమైన భంగిమలు గీస్తాడు. కత్తి పైకెత్తినప్పుడు ఒకటి, దించినప్పుడు ఒకటి. ఆ రెండింటి మధ్య వచ్చే బొమ్మల్ని నింపేవాళ్లను ఇన్‌బిట్వీనర్లు అంటారు. వాళ్ల ముందు ఒక గాజు బల్ల, దాని కింద లైటు, కాగితాలు జరక్కుండా పట్టుకునే పిన్నులు ఉంటాయి. మొదటి బొమ్మ మీద చివరి బొమ్మ పెట్టి, పైన తెల్లకాగితం వేసి, వెలుతుర్లో రెండింటినీ చూస్తూ మధ్యది గీస్తారు.

వినడానికి ఇది సులువుగానే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు పైనున్న అరచేతికి, కిందున్న అరచేతికి సరిగ్గా నడిమధ్యలో ఇంకో అరచెయ్యి గీసేస్తారు. కాగితాలు వేళ్ల సందున పట్టి ఆడించి చూస్తే తేడా తెలిసిపోతుంది. చెయ్యి దిగుతూ దిగుతూ మధ్యలో పొట్టిదైపోయి, మళ్లీ పొడుగవుతుంది. భుజం దగ్గర తిరిగే చెయ్యి గీత గీసినట్టు తిన్నగా కిందికి రాదు, వంపు తిరుగుతూ వస్తుంది. ఆ వంపు ఎంత ఉండాలో పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన పెన్సిల్ తీసుకుని, ఆ కాగితం మీదే దిద్ది చూపించాలి. అట్లా ఏళ్ల తరబడి దిద్దించుకున్నవాళ్లే తర్వాత సీనియర్లవుతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1937లో ‘స్నో వైట్’ నుంచి 1994లో ‘లయన్ కింగ్’ దాకా అమెరికాలో పెద్ద బొమ్మల సినిమా అంటే దాదాపుగా ఇట్లా గీసిందే. 1995లో పూర్తిగా కంప్యూటర్‌తో తీసిన మొదటి పెద్ద సినిమా ‘టాయ్ స్టోరీ’ వచ్చింది. ఆ తర్వాత 2001లో ‘ష్రెక్’, 2003లో ‘ఫైండింగ్ నీమో’ విరగబడి ఆడాయి. మధ్యలో 2002లో డిస్నీవాళ్లు భారీ ఖర్చుతో గీయించిన ‘ట్రెజర్ ప్లానెట్’ నిండా ముంచింది. ఇంకేముంది, జనానికి పెన్సిల్ బొమ్మలు మొహం మొత్తాయని తేల్చేశారు. 2004లో ఫ్లోరిడాలోని తమ స్టూడియోకు తాళం వేశారు. ఆ తర్వాత 2009లో ఒకటి, 2011లో ఒకటి చేత్తో గీసిన సినిమాలు తీసి, అక్కడితో ఆపేశారు.

నాకు బాధ కలిగించేది ఇదే. 2002లోనే, ఆ ఫ్లోరిడా స్టూడియోలోనే గీసిన ‘లిలో అండ్ స్టిచ్’ బ్రహ్మాండంగా ఆడింది. జనం పెన్సిల్‌ను వద్దనుకుంటే అది ఎట్లా ఆడింది? కథ కుదరకపోతే కథ రాసినవాళ్లను అడగాలి, డబ్బు పోసినవాళ్లను అడగాలి. శిక్ష మాత్రం బొమ్మ గీసినవాడికి పడింది. జపాన్‌లో 2001లో వచ్చిన ‘స్పిరిటెడ్ అవే’ ఆ దేశపు వసూళ్ల రికార్డులన్నీ తిరగరాసి, తర్వాత ఆస్కార్ కూడా గెలిచింది. ఆ రికార్డు 2020లో గానీ బద్దలు కాలేదు. బద్దలు కొట్టింది కూడా చేత్తో గీసిన బొమ్మే, డీమన్ స్లేయర్ వరసలోని అంతకుముందు సినిమా. స్పిరిటెడ్ అవే దర్శకుడు మియాజాకీ 2024లో, 83 ఏళ్ల వయసులో, ఇంకో ఆస్కార్ గెలుచుకున్నారు.

కాబట్టి ప్రేక్షకుడు ఎక్కడికీ పోలేదు. పోయింది దిద్ది చూపించే పెద్దాయన కూర్చునే ఆ పక్క కుర్చీ. స్టూడియో మూతపడితే ముందు పోయేది ఇన్‌బిట్వీనర్ ఉద్యోగం, దాంతోపాటే నేర్చుకునే చోటు. జపాన్‌లో కూడా ఈ మెట్టు మీదున్నవాళ్లకు జీతాలు మరీ తక్కువ. ఆ పనిలో చాలా భాగం పక్క దేశాలకు పంపించేస్తున్నారు. జపాన్ విషయంలో కూడా నాకు భయంగానే ఉంది.

ఈ విద్య మన దేశానికి వచ్చింది కూడా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికే. క్లెయిర్ వీక్స్ అని మన దేశంలోనే పుట్టిన ఒక అమెరికన్, డిస్నీలో ‘స్నో వైట్’, ‘బాంబి’ సినిమాలకు పనిచేసినవాడు. 1956లో బొంబాయి వచ్చి, కేంద్ర ప్రభుత్వం తరఫున సినిమాలు తీసే ఫిల్మ్స్ డివిజన్‌లో మనవాళ్లకు నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లలో రామ్ మోహన్ ఒకరు. ఆ రామ్ మోహనే తర్వాత జపాన్ దర్శకులు యుగో సాకో, కోయిచి ససాకిలతో కలిసి రామాయణాన్ని బొమ్మల సినిమాగా తీశారు. సుమారు లక్ష బొమ్మలు చేత్తో గీసి, 1993లో తెర మీదికి తెచ్చారు. చిన్నప్పుడు టీవీలో చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. 2025 జనవరిలో అది తెలుగు డబ్బింగ్‌తో సహా మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఆ సినిమాలో ఎవరైనా నమస్కారం పెట్టినప్పుడు చేతులు ఎట్లా కలుస్తాయో గమనించండి. మధ్య బొమ్మల్ని శ్రద్ధగా గీసినవాళ్ల పనితనం అక్కడ కనబడుతుంది.

మన పక్కనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. మేకతోలును పలచగా శుభ్రం చేసి, దాని మీద రాముణ్ని, రావణుణ్ని గీసి, చిల్లులతో నగలు తీర్చి, భుజానికి, మోచేతికి కీళ్లు కట్టి, వెనక దీపం పెట్టి ఆడించే తోలుబొమ్మల కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ రోజు మనకు దొరుకుతున్న పూర్తి నిడివి బొమ్మల సినిమాల్లోకెల్లా పాతది 1926లో జర్మనీలో లొట్టె రైనిగర్ అనే ఆవిడ తీసింది. అది కూడా నల్ల కాగితం కత్తిరించి, కీళ్లు కట్టి, కింద నుంచి వెలుగు పెట్టి కదిలించిన నీడబొమ్మలే. తోలుబొమ్మలాటలు ఆడించే ఊళ్లు తగ్గిపోయాయి. నిమ్మలకుంటవాళ్లు అదే తోలుతో లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకున్నారు. అమ్మే వస్తువు మారినా గీసే చెయ్యి ఆగలేదు కాబట్టి పిల్లలకు నేర్పడం కూడా ఆగలేదు. పెన్సిల్ యానిమేషన్‌కు కూడా ఇట్లాంటి దారి దొరుకుతుంది. అడ్వర్టయిజ్‌మెంట్లు, పాఠాల వీడియోలు, మొబైల్లో చూసే రెండు నిమిషాల కథలు, ఏదైనా సరే, గీసేవాడికి కూలి గిట్టాలి.

మన జిల్లాల నుంచి యానిమేషన్ కోర్సు కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లే పిల్లలు చాలామందే ఉన్నారు. తల్లిదండ్రులు అప్పు చేసి ఫీజు కడతారు, ఉద్యోగం వస్తుందో రాదో అని టెన్షన్ పడతారు. చేర్పించే ముందు ఒక్క మాట అడగండి. మా పిల్లాడికి రోజూ బొమ్మ గీయించేదెవరు, దిద్దేదెవరు అని. సాఫ్ట్‌వేర్ రెండేళ్లకోసారి మారుతుంది. చెయ్యి వంపు తిరుగుతూ దిగుతుందని తెలిసినవాడు త్రీడీలోనూ బాగా చేస్తాడు, చేత్తో గీసే టూడీలోనూ బాగా చేస్తాడు.

చిన్నపిల్లలకైతే కోర్సుతో పనిలేదు. ఈ ఆదివారం ఒక చిన్న నోట్‌బుక్ ఇవ్వండి. చివరి పేజీలో, కుడివైపు అంచున, పైభాగంలో, ఒక బంతి గీయించండి. దానికి ముందున్న పేజీలో బంతిని కాస్త కిందికి దించండి. అట్లా ఇరవై పేజీలు. బంతి కిందికొచ్చేకొద్దీ బొమ్మల మధ్య దూరం పెంచుతూ పోవాలి, అప్పుడే అది వేగంగా పడినట్టు అనిపిస్తుంది. నేలకు తగిలిన పేజీలో మాత్రం బంతిని కాస్త నొక్కినట్టు, పళ్లెంలాగా చదునుగా గీయమనండి. ఆ తర్వాత గీసే పేజీలో నిలువుగా సాగదీసి, పైకి లేపండి. చివరి పేజీ నుంచి ముందుకు బొటనవేలితో పేజీలు వదులుతూ ఆడించి చూసి, ఎక్కడ కుదరలేదో ఆ పేజీ పిల్లలతోనే మళ్లీ గీయించండి.

సెలవు. నమస్కారం.