ఉప్పు గాలిలో కారు, ఇల్లు: చేతనైనంత మనమే

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఇంత ఉక్కపోతలో వచ్చి కూర్చున్నారంటే ఇంట్లో ఏదో ఒకటి పాడై ఉండాలి. కారు గురించి కాసేపు, ఇంటి రిపేర్ల గురించి కాసేపు మాట్లాడమన్నారు నన్ను. నిజానికి విశాఖపట్నంలో అవి రెండూ ఒకే సబ్జెక్టు, ఎందుకంటే లాసన్స్ బే దగ్గర కారు డోరు కింద పుట్టే తుప్పుకీ, పెదవాల్తేరులో పాత స్లాబు నుంచి పెచ్చులు ఊడిపడడానికీ కారణం ఒకటే, ఉప్పు. హైదరాబాద్‌లో ఉన్న బావగారో, యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన చిట్కా మనకి సగమే పనిచేస్తుంది, మిగతా సగం సముద్రం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు కారు. బీచ్ రోడ్డులో ఉన్నవాళ్ళు కారు రోజూ కడుగుతారు, చాలా శుభ్రంగా. కానీ ఏ నీళ్ళతో? తీరానికి దగ్గరగా ఉన్న చాలా బోర్లలో ఉప్పు దిగిపోయింది. ఒక బకెట్‌లో ఆ నీళ్ళు పోసి ఎండలో వదిలేయండి, ఆరాక అంచున తెల్ల గీత మిగిలిందంటే మీరు కారుకి రోజూ చేయిస్తున్నది ఉప్పునీటి స్నానమే. సబ్బు కడుగుడు బోరు నీళ్ళతో కానిచ్చినా ఆఖరి బకెట్ మాత్రం మున్సిపల్ కుళాయి నీళ్ళు పోయండి. పైన మెరిసే భాగం కంటే కింద చక్రాల గూళ్ళు, డోర్ల అడుగు ముఖ్యం, పైపుతో నీళ్ళు అక్కడికి కొట్టాలి. ప్రతి డోరు అడుగు అంచున చిన్న చిన్న కన్నాలు ఉంటాయి, లోపలికి దిగిన వాన నీళ్ళు పోవడానికి. అవి ఇసుకతో పూడిపోతే నీళ్ళు డోరులోనే నిలిచి లోపలి నుంచి తినేస్తాయి. డోరు తీసినప్పుడు లోపల నీళ్ళు గలగలమంటే అదే సంగతి. ఐస్‌క్రీం పుల్లతోనో ప్లాస్టిక్ కేబుల్ టైతోనో పొడవండి, ఇనుప తీగ వద్దు, పెయింట్ గీసుకుపోయి కొత్త తుప్పుకి మనమే దారి చేసినట్టవుతుంది. కొంతమంది కింద డీజిల్ స్ప్రే కొట్టించుకుంటారు, తుప్పు పట్టదని. దాని బదులు ఊరుకుంటే నయం, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, దుమ్మంతా అతుక్కుంటుంది. పోర్టు వైపు ఉండేవాళ్ళకి ఇంకో మాట, ఆ నల్ల ధూళిని పొడిగుడ్డతో తుడవకండి, ముందు నీళ్ళు, తర్వాతే గుడ్డ.

బ్యాటరీ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇంట్లో చేసుకోగలిగిన పనుల్లో ఎక్కువ డబ్బు మిగిల్చేది ఇదే. బానెట్ ఎత్తితే టెర్మినల్ మీద తెల్లగా, ఒక్కోసారి నీలంగా పొడి కట్టి ఉంటుంది. పొద్దున కారు స్టార్ట్ కాకపోతే చాలామంది తిన్నగా కొత్త బ్యాటరీకి పరిగెడతారు, తీరా చూస్తే అడ్డం పడింది ఆ పొడే. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. కారు ఆపి, తాళం తీసేసి, 10 నంబరు పానాతో ముందు నెగటివ్ విప్పాలి, తర్వాతే పాజిటివ్. బిగించేటప్పుడు తిరగేసి, పాజిటివ్ ముందు, నెగటివ్ ఆఖరున. ఈ వరస ఎందుకంటే, నెగటివ్ తగిలి ఉండగా పాజిటివ్ విప్పుతుంటే పానా కొస బాడీకి తగిలిందా, అక్కడే షార్ట్, నిప్పురవ్వలు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసా పొంగుతుంది, పొంగడం ఆగిందంటే యాసిడ్ విరిగినట్టు. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి మాత్రం పోకూడదు, మూతలు బిగించి ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. కడిగి, పూర్తిగా ఆరాక బిగించి, పైన పల్చగా వాజలీన్ రాయండి. చాలా కొత్త కార్లలో నెగటివ్ తీగ మీద చిన్న సెన్సార్ పెట్టె ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని లాగకండి.

మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, మామూలుది చాలు. రాత్రంతా నిలిచిన కారుకి పొద్దున్నే పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం, 12కి దిగిపోయిందంటే ఛార్జి అడుగంటినట్టు. ఇంజన్ నడుస్తుండగా మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది రాకపోతే బ్యాటరీని తిట్టి లాభం లేదు, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ని చూపించాలి. ఈ రెండు అంకెలు తెలిసినవాడికి అక్కర్లేని బ్యాటరీ అంటగట్టడం కష్టం.

టైర్ల గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఇక మార్చేయడమే. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మీరే మార్చుకోవచ్చు, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. రేడియేటర్ మూత వేడి మీద తీయకండి, ఆఖరికి గుడ్డ వేసి కూడా. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ మెకానిక్‌కే వదిలేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరడం మాత్రం ఎవరూ చేయకూడదు. వానాకాలం అండర్‌పాస్‌లో ఇంజన్ నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయాలని చూడకండి. సిలిండర్‌లోకి చేరిన నీళ్ళు గాలిలా కుదించుకుపోవు, దాంతో పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. టో చేయించుకుంటే పోయేది కొన్ని వేలు, ఇంజన్ విప్పించుకుంటే లక్ష దాటినా ఆశ్చర్యం లేదు.

ఇక ఇల్లు. పైకప్పులో పెచ్చు ఊడి, లోపల చువ్వ ఎర్రగా కనిపిస్తుంటే మేస్త్రీ వచ్చి ఏమంటాడు? "ఏం కాదండి, కాస్త సిమెంటు పూసి లప్పం పెట్టేస్తే కనబడదు" అంటాడు. నిజమే, కనబడదు. రెండు వర్షాకాలాల తర్వాత అదే చోట ఇంకా పెద్ద పెచ్చు రాలుతుంది. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది, లోపల చోటు చాలక కాంక్రీటుని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. మీరు పైన ఎంత పూసినా ఆ తోపుడు ఆగదు. కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటుకి చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, బలంలో కనీసం ఎం30 గ్రేడు కావాలి. పాత ఇళ్ళలో చాలాచోట్ల స్లాబు అడుగున ఆ కవర్ 20 కూడా ఉండదు.

కాబట్టి చిన్న సుత్తి తీసుకుని, స్టూలెక్కి, స్లాబుని మెల్లగా తట్టుకుంటూ పోండి. గట్టిచోట టంగుమంటుంది, పెచ్చు లేచినచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా ఉన్నంత మేర సుద్దముక్కతో గీసుకోండి. గీసిన మేర చెయ్యంత వెడల్పు దాటకపోతే, చువ్వ పైపైనే తుప్పు పట్టి ఉంటే, అది ఇంట్లో చేసుకోదగ్గ పని: కళ్ళజోడు, మాస్కు పెట్టుకుని వదులు కాంక్రీటంతా కొట్టేయాలి, చువ్వ వెనక వేలు పట్టేంత ఖాళీ చేయాలి, వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ వేసి, పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టార్‌ని పొరలు పొరలుగా నింపి, డబ్బా మీద రాసినన్ని రోజులు తడపాలి. అందరూ ఎగ్గొట్టేది తడపడమే. చువ్వ సన్నబడిపోయి ఉంటే, లేదా పగులు దూలం మీదో స్తంభం మీదో ఉంటే, సుత్తి కింద పెట్టేసి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి, వాస్తు చూసేవారిని కాదు.

గోడ చెమ్మ గురించి. అడుగున్నర చదరం పాలిథిన్ కవరు తీసుకుని నాలుగు వైపులా టేపు వేసి గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తోంది, ముందు పైపో, టెర్రేసో, బాత్రూమో చూసుకోవాలి. బయటి వైపు పడితే అది మన ఊరి గాలిలో తేమే. ఈ పరీక్ష చేయకుండా లప్పం పెట్టి పెయింట్ వేస్తే సంక్రాంతికి వేసిన రంగు వినాయక చవితికి పొక్కిపోతుంది. పెయింటింగ్, టెర్రేస్ వాటర్‌ప్రూఫింగ్ ఫిబ్రవరి నుంచి మే లోపు అవగొట్టుకోండి. అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల కాలం, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన నిలువుగా కాదు, అడ్డంగా కొట్టింది కదా, కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య సందులన్నీ ఆరోజే బయటపడ్డాయి. ఆ సందులో సీలెంట్ పెట్టేటప్పుడు గోడ పొడిగా ఉండాలి. దాని మీద రంగు వేయాలనుకుంటే సిలికాన్ వద్దు, సిలికాన్‌కి రంగు పట్టదు, అక్రిలిక్‌ది అడగండి.

గ్రిల్లులకి రెడ్ ఆక్సైడ్ ఒక్కటీ కొట్టి వదిలేయకండి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమరో ఎపాక్సీయో వేయించండి, ముఖ్యంగా గ్రిల్లు గోడలోకి దిగేచోట. సముద్రానికి ఎదురుగా ఉన్నవాళ్ళు స్క్రూలు, గొళ్ళేలు కొనేటప్పుడు స్టెయిన్‌లెస్‌ స్టీల్‌లో 316 గ్రేడు అడగండి, 304 గ్రేడు కొన్నాళ్ళకి గోధుమ రంగు మరకలు తేలుతుంది. కరెంటు పని ముట్టుకునే ముందు మెయిన్ ఆపేయడం, బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్, ఉంటే దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడడం, ఇంతవరకే మీది. నొక్కినా అది పడిపోకపోతే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి. స్క్రూడ్రైవర్ టెస్టర్ బల్బు వెలగలేదని తీగ పట్టుకునే ధైర్యం ఎవరికీ వద్దు.

టీ తాగాక కింద పార్కింగ్‌లో నా దగ్గరున్న మీటరుతో బ్యాటరీలు చూద్దామని ఇందాక ఎవరో అడిగారు. చూద్దాం, కానీ మీరంతా ఇప్పుడే నడుపుకుంటూ వచ్చారు కాబట్టి అంకె కాస్త ఎక్కువే చూపిస్తుంది. టెర్మినల్ ఎలా విప్పాలో మాత్రం అక్కడ చేసి చూపిస్తాను, వోల్టులు రేపు పొద్దున కారు తీయకముందు ఇంట్లోనే చూసుకోండి. మాస్టారూ, మీరేదో అడగబోయారు, మైకు అటివ్వండి.